నేరేడు, ఉసిరి, కంబళి పండ్లు: యాంటీఆక్సిడెంట్లున్న పండ్లను రోజువారీ తిండిలోకి తెచ్చుకోవడం ఎలా

మొన్న జూన్‌లో మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్‌లో ఒకావిడ 125 గ్రాముల బ్లూబెర్రీ డబ్బా చేతిలోకి తీసుకుని, ధర చూసి, మళ్లీ అక్కడే పెట్టేసింది. బయటికొచ్చాక మెట్ల పక్కన బుట్టలో నేరేడు పండ్లు పెట్టుకుని కూర్చున్న అవ్వను దాటుకుని వెళ్లిపోయింది. ఆ డబ్బాలో ఏ ఊదారంగు పదార్థం కోసం ఆవిడ చూసిందో, అదే కుటుంబానికి చెందిన పదార్థం ఆ బుట్ట నిండా ఉంది. ఆ రోజు ఆవిడతో చెప్పలేకపోయిన మాటలే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

బెర్రీలు తినడం మంచిదని అందరూ అంటారు. ఎందుకు మంచిది, ఎంత మంచిది, ఏ పండు ఎప్పుడు కొనాలి, ఎలా దాచాలి, ఎంత తినాలి, ఎవరు జాగ్రత్తపడాలి అన్నది మాత్రం ఒక్కచోట దొరకదు. నేను ఐదారేళ్లుగా మా ఇంట్లో చేస్తున్న పద్ధతిని, దాని వెనకున్న సైన్సుతో కలిపి వరుసగా చెప్తాను.

మొదటి అడుగు: ఈ పండ్ల నుంచి ఏం ఆశించాలో తెలుసుకోండి

మన ఒంట్లో తిన్న తిండి శక్తిగా మారేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే అస్థిరమైన అణువులు పుడుతూనే ఉంటాయి. పొగ, కాలుష్యం, ఎండ వీటిని ఇంకా పెంచుతాయి. అవి హద్దు మీరితే కణాల పైపొరల్నీ, డీఎన్‌ఏనీ దెబ్బతీస్తాయి. వాటిని అదుపులో పెట్టడానికి శరీరానికి సొంత ఎంజైములు ఉన్నాయి, వాటికి తోడుగా తిండి నుంచి వచ్చేవి విటమిన్ సి, ఆంథోసయనిన్లు, ఎల్లాజిక్ ఆమ్లం లాంటివి. వీటినే యాంటీఆక్సిడెంట్లు అంటున్నాం. నేరేడు, బ్లూబెర్రీ, నల్లద్రాక్ష తొక్కకు ఆ ఊదారంగు ఇచ్చేది ఆంథోసయనిన్లే.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. "ఈ పండులో యాంటీఆక్సిడెంట్ శక్తి ఇన్ని వేల యూనిట్లు" అని డబ్బాల మీద వేస్తుంటారు కదా, అది గాజు గొట్టంలో కొలిచిన లెక్క, ఒంట్లో కొలిచింది కాదు. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి అంకెలతో ఒక పెద్ద పట్టికను తన వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ అంకెలకీ మనిషి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం చూపలేమని 2012లో తీసేసింది. మనం తిన్న ఆంథోసయనిన్లలో చాలా కొద్ది భాగమే యథాతథంగా రక్తంలోకి వెళ్తుంది. మిగతాదాన్ని పేగుల్లోని బ్యాక్టీరియా చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది, ఆ ముక్కలు రక్తంలోకి చేరి రక్తనాళాలు సరిగ్గా సాగేలా సాయం చేస్తాయని ఇప్పుడు అనుకుంటున్నారు. అంటే ఈ పండ్ల మేలు ఏదో మంట మీద నీళ్లు పోసినట్టు ఒక్క దెబ్బతో జరిగేది కాదు, నెమ్మదిగా, రోజూ కొంచెం కొంచెంగా జరిగేది.

మనుషుల మీద తేలిందేంటో చూద్దాం. అమెరికాలో సుమారు 93,600 మంది నర్సులను 18 ఏళ్ల పాటు గమనించి 2013లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో ఆంథోసయనిన్లు ఎక్కువగా తిన్నవాళ్లకు, తక్కువగా తిన్నవాళ్లతో పోలిస్తే గుండెపోటు ముప్పు 32 శాతం తక్కువ కనబడింది. అదే ఏడాది వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనం, లక్షా 87 వేల మందికి పైగా ఉన్నది, బ్లూబెర్రీలు, ద్రాక్ష, యాపిల్ లాంటి పండ్లను పండ్లుగానే తినేవాళ్లకు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం తక్కువనీ, పండ్ల రసం ఎక్కువగా తాగేవాళ్లకు కాస్త ఎక్కువనీ చెప్పింది. 2012లో 70 దాటిన 16,000 మంది మహిళల మీద వచ్చిన అధ్యయనంలో బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ ఎక్కువగా తినేవాళ్ల జ్ఞాపకశక్తి తగ్గడం రెండున్నరేళ్ల దాకా ఆలస్యమైనట్టు తేలింది.

ఇవన్నీ గమనించి లెక్కగట్టినవి. బెర్రీలు తినేవాళ్లు నడక కూడా ఎక్కువ నడుస్తారు, పొగ తక్కువ తాగుతారు, డబ్బు కూడా కాస్త ఉంటుంది. ఎంత సర్దుబాటు చేసినా ఈ తేడాలు పూర్తిగా పోవు. అందుకే మనుషులకు నిజంగా పండ్లు పెట్టి చూసిన ప్రయోగం ముఖ్యం. 2019లో వచ్చిన ఒక ప్రయోగంలో పొట్ట పెరగడం, బీపీ, రక్తంలో చక్కెర కాస్త ఎక్కువగా ఉండటం లాంటి సమస్యలు కలగలిసిన 50 నుంచి 75 ఏళ్ల వాళ్లకు ఆరు నెలల పాటు రోజూ 150 గ్రాముల బ్లూబెర్రీలకు సరిపడా పొడి ఇచ్చారు. రక్తనాళాలు సాగే గుణం మెరుగుపడింది, ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్‌కి ఒళ్లు సరిగ్గా స్పందించకపోవడం, మాత్రం మారలేదు. సగం మోతాదు ఇచ్చినవాళ్లలో ఆ మేలు కనబడలేదు. దానికి డబ్బు సాయం చేసింది అమెరికా బ్లూబెర్రీ రైతుల మండలి అని కూడా తెలుసుకుని ఉండటం మంచిది.

కాబట్టి నా లెక్క ఇది: గుండెకీ రక్తనాళాలకీ మేలు ఉండే అవకాశం బాగానే ఉంది, షుగర్ రాకుండా కొంత సాయం, జ్ఞాపకశక్తికి కొంత సాయం. వచ్చిన రోగాన్ని తగ్గించే మందు మాత్రం కాదు. మన నేరేడు మీద, ఉసిరి మీద ఇంత పెద్ద అధ్యయనాలు జరగలేదు. ఊదా పండ్లలో ఉండేది అదే కుటుంబపు రంగు పదార్థం కాబట్టి, తాజా పండు కాబట్టి, అందుబాటులో ఉంది కాబట్టి నేను వాటినే ముందు పెడతాను.

రెండో అడుగు: ఆ రంగును ఒకసారి కళ్లారా చూడండి

ఇది తప్పనిసరి కాదు, కానీ ఇంట్లో పిల్లలుంటే చేసి తీరండి. మూడు బాగా పండిన నేరేడు పండ్లు తీసుకుని గింజ తీసేసి, తొక్కతో సహా అర గ్లాసు నీళ్లలో చేత్తో పిసికి వడగట్టండి. ముదురు ఊదా నీళ్లు వస్తాయి. రెండు చిన్న గ్లాసుల్లోకి పంచండి. ఒకదాంట్లో నాలుగు చుక్కలు నిమ్మరసం వేయండి, నీళ్లు కళ్ల ముందే ఎర్రగా మారతాయి. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేయండి, నీలంగానో ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులోనో మారతాయి.

నేరేడు మరక పడ్డ చొక్కాని సబ్బుతో రుద్దితే మరక నీలంగా తేలడం మీరు చూసే ఉంటారు, కారణం ఇదే. రంగు మారుతున్న ఆ పదార్థమే ఆంథోసయనిన్. పులుపులో అది నిలబడుతుంది, సోడాలో త్వరగా పాడవుతుంది, ఎక్కువసేపు మరిగించినా తగ్గుతుంది. వంటింట్లో ఈ పండ్లతో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఈ రెండు గ్లాసులు చూశాక మీకే తెలిసిపోతుంది: నిమ్మకాయ కలపొచ్చు, సోడా వద్దు, పొయ్యి మీద గంటలకొద్దీ పెట్టొద్దు.

మూడో అడుగు: ఏ నెలలో ఏ పండో రాసి పెట్టుకోండి

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంటుంది. ఏడాది పొడుగునా ఒకే పండు కోసం వెతకడం మానేసి, ఏ కాలానికి వచ్చేది ఆ కాలంలో తినడం మొదలుపెట్టాక ఖర్చు సగానికి సగం తగ్గింది.

తొలకరి నుంచి జూలై దాకా నేరేడు. దీని గురించి తర్వాతి అడుగుల్లో ఇంకా చెప్తాను. వానాకాలంలో వాక్కాయ, కొన్ని ఊళ్లలో కలివికాయ అంటారు, ముళ్ల పొదల మీద గులాబీ తెలుపు కలిసిన కాయలు. పచ్చిగా ఉంటే పప్పులోకీ పులిహోరలోకీ, పండితే నల్లగా అయి నేరుగా తినడానికీ పనికొస్తాయి. పాలు కారే కాయ కాబట్టి కోశాక కాసేపు ఉప్పునీళ్లలో వేయాలి.

కార్తీకం వచ్చేసరికి ఉసిరి, సంక్రాంతి దాటేదాకా ఉంటుంది. ఇది ఊదారంగు పండు కాదు, దీని బలం విటమిన్ సి, వగరునిచ్చే టానిన్లు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి అని ఉండేది, 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో అది సుమారు 250. తగ్గిన అంకే తీసుకున్నా చూడండి: పెద్దవాళ్లలో మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు చాలని ఆ సంస్థే చెప్తోంది. అంటే ఒక మోస్తరు ఉసిరికాయ ఒక్కటి తింటే ఆ రోజుకి సరిపోయినట్టే. పెరట్లో చెట్టున్నవాళ్లు రాలిన కాయల్ని ఊడ్చి పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా స్ట్రాబెర్రీ. మహాబలేశ్వరం నుంచి వచ్చేవే ఎక్కువ, కానీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి మండలం లంబసింగి దగ్గర కూడా రైతులు పండిస్తున్నారు. ఆ చలికాలంలో అటు వెళ్తే తోట దగ్గరే కొనుక్కోండి, డబ్బాలో రెండు రోజులు ప్రయాణం చేసిన పండుకీ దీనికీ రుచిలో పోలికే లేదు. 100 గ్రాముల స్ట్రాబెర్రీలో సుమారు 59 మిల్లీగ్రాముల విటమిన్ సి, 32 కేలరీలు మాత్రమే.

జనవరిలో రేగు. భోగి నాడు పిల్లల తల మీద పోసి ఊరుకోకుండా, కడిగిన ఒక గుప్పెడు పక్కన పెట్టి తినిపించండి. వృక్షశాస్త్రం లెక్కలో రేగు, ఉసిరి అసలైన బెర్రీలు కావు అనేవాళ్లుంటారు. ఆ లెక్కలో స్ట్రాబెర్రీ కూడా బెర్రీ కాదు, కాబట్టి ఆ చర్చ మనకు అక్కర్లేదు. పరికి పండ్లు, బలుసు పండ్లు తెలిసిన ఊళ్లవాళ్లు అదృష్టవంతులు. కామంచి పండ్లు మాత్రం పూర్తిగా నల్లబడ్డవే తినాలి, పచ్చికాయల్లో విషపదార్థం ఉంటుంది, మొక్క గుర్తుపట్టడం రానివాళ్లు ముట్టుకోకపోవడమే మేలు.

మధ్యలో ఖాళీగా ఉండే నెలలకు నల్లద్రాక్ష ఉంది, ఫ్రీజర్‌లో దాచిన నేరేడు ఉంది, దానిమ్మ ఉంది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండేవాళ్లకైతే లెక్క తిరగబడుతుంది, అక్కడ బ్లూబెర్రీ, బ్లాక్‌బెర్రీ చవక, నేరేడు ఖరీదు. అక్కడ ఉన్నవాళ్లు ఫ్రీజర్ విభాగంలో దొరికే, చక్కెర కలపని బ్లూబెర్రీ సంచి కొనుక్కోండి. గడ్డకట్టిన పండులో ఆంథోసయనిన్లు బాగానే నిలుస్తాయి.

నాలుగో అడుగు: కొనేటప్పుడు చూడాల్సినవి

నేరేడు కొనడం ఒక కళ. నేను మొదట్లో రెండు కిలోలు ఒకే కవర్లో పోయించుకుని స్కూటర్‌కి తగిలించుకుని వచ్చాను. ఇంటికొచ్చేసరికి అడుగున సగం రసం, కవర్ చిల్లు పడి చీర కుచ్చిళ్ల దాకా మరక. ఇప్పుడు స్టీలు డబ్బా పట్టుకెళ్తాను, అర కిలో దాటి కొనను.

పండును వేళ్ల మధ్య మెల్లగా పట్టుకోండి. తొక్క బిగువుగా, నిగనిగలాడుతూ, దాదాపు నల్లగా ఉండాలి. తొడిమ దగ్గర ఎర్రటి ఛాయ ఉంటే ఇంకా వగరు పోలేదన్నమాట. పగిలి రసం కారుతున్నవి, వేలు పెడితే లోపలికి దిగిపోయేవి వద్దు, గంటల్లో పులిసిపోతాయి. తొడిమ దగ్గర చిన్న చిల్లు కనబడితే లోపల పురుగు ఉంటుంది. పొడుగ్గా, లావుగా ఉండే రకంలో గుజ్జు ఎక్కువ. చిన్నగా గుండ్రంగా ఉండే నాటు నేరేడులో గింజ ఎక్కువే కానీ గుజ్జుతో పోలిస్తే తొక్క వంతు కూడా ఎక్కువ, రంగంతా తొక్కలోనే చిక్కగా ఉంటుంది కాబట్టి చిన్నవని తీసిపారేయకండి.

ఉసిరికి ఇంత కష్టం లేదు: బరువుగా, గట్టిగా, లేత పసుపు పచ్చలో, మచ్చల్లేకుండా ఉంటే చాలు. స్ట్రాబెర్రీ డబ్బాని తిరగేసి అడుగు చూడండి. పైన ఎర్రటివి పేర్చి కింద బూజు పట్టినవి పెట్టిన డబ్బాలు నాకు చాలాసార్లు తగిలాయి. అడుగున తడి మరక కనబడితే తీసుకోవద్దు.

ఐదో అడుగు: కడగడం, దాచడం

ఇంటికి తెచ్చిన వెంటనే అన్నీ కడిగేయడం చాలామంది చేసే పొరపాటు. తడి తగిలితే బూజు త్వరగా వస్తుంది. తినే ముందే కడగండి. కుళాయి కింద పారే నీళ్లలో, చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కడిగితే చాలు. స్ట్రాబెర్రీకి తొడిమ కడిగాకే తీయాలి, ముందే తీస్తే ఆ కన్నంలోంచి మురికి నీళ్లు లోపలికి పోతాయి. సబ్బు, డిటర్జెంట్ వాడకండి, పండు పీల్చుకుంటుంది.

నేరేడు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బాగుంటుంది. సీజన్ ఆరు వారాలకు మించి ఉండదు కాబట్టి నేను దాచే పద్ధతి చెప్తాను. కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, చాకుతో ఒక పక్క నిలువుగా గాటు పెట్టి గింజ తీసేస్తాను. ముక్కల్ని పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో మూడు నాలుగు గంటలు ఉంచుతాను. గట్టిపడ్డాక కవర్లోకి వేసి, గాలి నొక్కేసి మూసేస్తాను. పళ్లెంలో పరవకుండా నేరుగా కవర్లో వేస్తే ఒకటే ఇటుకలా గడ్డకట్టి, కావాల్సినంత తీసుకోవడానికి సుత్తి కావాల్సొస్తుంది. ఇలా దాచినవి సంక్రాంతి దాకా నాకు పనికొస్తున్నాయి. చేతులకు రంగంటితే నిమ్మచెక్కతో రుద్దుకోండి.

ఉసిరి ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు ఉంటుంది. ఇంకా ఎక్కువ కావాలంటే తురిమి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి, రోజుకో ముక్క తీసుకోవచ్చు. ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది, ఎండు ఉసిరి నోట్లో వేసుకోవడానికి బాగుంటుంది కానీ విటమిన్ కోసం దాని మీద ఆధారపడకండి.

ఆరో అడుగు: ఎంత తినాలి, ఎప్పుడు, దేనితో

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు సుమారు 100 గ్రాముల పండ్లు అని ఉంది. దాన్నే ప్రమాణంగా పెట్టుకోండి. ఒక గుప్పెడు గింజ తీసిన నేరేడు, లేదా ఏడెనిమిది స్ట్రాబెర్రీలు, లేదా చిన్న కప్పు బ్లూబెర్రీలు దాదాపు అంతే వస్తాయి. ఉసిరి ఒకటి, మహా అయితే రెండు. ప్రతిరోజూ కుదరకపోయినా వారానికి మూడు నాలుగు రోజులు తప్పకుండా ఉండేలా చూసుకోండి. ఒక ఆదివారం అర కిలో తినేసి వారమంతా మర్చిపోతే కడుపులో నొప్పి తప్ప ఇంకేం మిగలదు.

సమయం విషయంలో నా సలహా: సాయంత్రం నాలుగున్నరకి, బిస్కెట్లు, మిక్చర్ చేతికి వచ్చే సమయం. ఈ పండ్ల మేలులో పెద్ద భాగం అవి ఏ తిండి స్థానంలో వస్తున్నాయన్న దాంట్లోనే ఉంది. రెండు క్రీమ్ బిస్కెట్ల బదులు గుప్పెడు నేరేడు తిన్న రోజు, యాంటీఆక్సిడెంట్ల సంగతి అలా ఉంచినా, మైదా, చక్కెర, నూనె తగ్గినట్టే. పరగడుపున పుల్లటి పండ్లు పడనివాళ్లు, ఎసిడిటీ ఉన్నవాళ్లు భోజనమైన గంటన్నరకి తినండి.

దేనితో తినాలన్నది చాలామంది పట్టించుకోరు. ఉసిరిలోని విటమిన్ సి ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుముని ఒంటికి పట్టేలా చేస్తుంది, కాబట్టి ఉసిరి భోజనంలోనే ఉండాలి. తోటకూర పప్పులో దించాక పచ్చి ఉసిరి తురుము కలపండి, లేదా ఇలా చేయండి: రెండు ఉసిరికాయలు తురిమి, రెండు పచ్చిమిర్చి, కొంచెం జీలకర్ర, కొత్తిమీర, ఉప్పు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరి, పెరుగు కలిపి, ఆవాలు, కరివేపాకుతో పోపు పెట్టండి. అన్నంలో కలుపుకున్నాక గ్లాసెడు నీళ్లు తాగితే ఆ నీళ్లు తియ్యగా తగులుతాయి చూడండి, మా పిల్లలు ఆ నీళ్ల కోసమే ఈ పచ్చడి తింటారు.

నేరేడు దీనికి తిరగేసి. దాని వగరుకి కారణమైన టానిన్లు ఇనుముని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. రక్తం తక్కువున్న ఆడపిల్లలు, గర్భిణులు ఐరన్ మాత్ర వేసుకునే సమయానికీ నేరేడు తినే సమయానికీ రెండు గంటలన్నా తేడా పెట్టుకోవాలి.

స్మూతీలు చేసుకునేవాళ్లకు ఒక మాట. బెర్రీలతో అరటిపండు కలిపి మిక్సీ వేయడం మామూలైపోయింది. అరటిపండు కోసి పెడితే నల్లబడుతుంది కదా, అలా నల్లబరిచే ఎంజైము బెర్రీల్లో ఉండే ఫ్లేవనాల్స్ అనే మేలైన పదార్థాల్ని కూడా పాడుచేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కొద్దిమందితో చేసి 2023లో ప్రచురించిన ప్రయోగంలో, అరటిపండు స్మూతీ తాగినవాళ్లకు అవి 84 శాతం తక్కువగా అందాయని తేలింది. తీపి కోసమైతే అరటి బదులు బాగా పండిన మామిడి ముక్క వేసుకోండి. అరటిపండు మంచిదే, విడిగా తినండి.

ఏడో అడుగు: వేటి జోలికి వెళ్లొద్దు

ఈ అడుగు నాకు అన్నిటికన్నా ముఖ్యం, మా పెద్దమ్మ వల్ల. ఆవిడకి పన్నెండేళ్లుగా షుగర్. ఎవరో నేరేడు గింజల పొడితో షుగర్ పూర్తిగా పోతుందని చెప్పి డబ్బా అమ్మారు, రోజుకి రెండు చెంచాలు వేసుకుంటూ మాత్రలు మానేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏడు వారాల తర్వాత కాళ్లు తిమ్మిర్లెక్కి, చూపు మసకబారితే తీసుకెళ్లి పరీక్ష చేయిస్తే పరగడుపు షుగరే 290 దాటి ఉంది. మళ్లీ మాత్రలు మొదలుపెట్టి దారిలోకి రావడానికి నాలుగు నెలలు పట్టింది. నేరేడు గింజల మీద జంతువుల్లో చేసిన ప్రయోగాలు చాలా ఉన్నాయి, మనుషుల్లో మాత్రలకు బదులుగా వాడుకోదగ్గ ఆధారం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారా, అలమరలో ఏ పొడి డబ్బాలున్నాయో ఒకసారి చూడండి, మందులు వేసుకుంటున్నారో లేదో కోప్పడకుండా అడగండి. మాత్రలతో పాటే ఇలాంటి పొడి వాడితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది, డాక్టర్‌కి చెప్పకుండా వద్దు.

యాంటీఆక్సిడెంట్ మాత్రల సంగతీ అంతే. ఫిన్లాండ్‌లో 29,000 మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద చేసిన ప్రయోగం ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. పండులో మేలు చేసేదాన్ని విడదీసి గుళికలో పెడితే అది అలాగే పనిచేస్తుందన్న నమ్మకాన్ని ఆ ఒక్క ప్రయోగం గట్టిగా దెబ్బతీసింది.

ఇంకొన్ని త్వరగా చెప్పేస్తాను. డ్రైఫ్రూట్ దుకాణాల్లో దొరికే ఎండు క్రాన్‌బెర్రీల్లో ఎక్కువ రకాలకు చక్కెర పట్టిస్తారు, 100 గ్రాముల్లో 70 గ్రాముల వరకు చక్కెరే ఉండొచ్చు. కేకు మీద, కిళ్లీలో పెట్టే ఎర్రటి చెర్రీ చాలాసార్లు చెర్రీయే కాదు, పైన చెప్పిన వాక్కాయనే పాకంలో ఊరబెట్టి రంగు వేసింది. ఉసిరి మురబ్బా, ఉసిరి క్యాండీ మిఠాయి కిందే లెక్క. ఉసిరి ఆవకాయ రుచికి మించింది లేదు, కానీ ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు అది పండు లెక్కలోకి రాదు. బెర్రీ రుచి అని రాసి ఉన్న పెరుగు, జ్యూసు డబ్బాల వెనక పదార్థాల జాబితా చదవండి, చక్కెర రెండో స్థానంలో ఉంటే తిరిగి పెట్టేయండి.

ఎనిమిదో అడుగు: ఎవరు జాగ్రత్తగా ఉండాలి

షుగర్ ఉన్నవాళ్లు ఈ పండ్లు తినొచ్చు, 100 గ్రాములు దాటకుండా, పండుగానే, రసంగా కాకుండా. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో ఒకసారి చూసుకుంటే మీ ఒంటికి ఏ పండు ఎలా పడుతోందో మీకే తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం లెక్క చూసుకోవాలి, డాక్టర్‌ని అడగకుండా కొత్త పండు మొదలుపెట్టొద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబడే మందు వాడేవాళ్లు క్రాన్‌బెర్రీ రసం, గుళికల గురించి ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్లకు క్రాన్‌బెర్రీ అది మళ్లీ రాకుండా కొంత సాయపడుతుందని 2023 నాటి సమీక్షలో తేలింది. అయితే వచ్చిన ఇన్‌ఫెక్షన్‌ని అది తగ్గించదు, మంట మొదలైతే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఐదేళ్లలోపు పిల్లలకు నేరేడు, రేగు గింజతో ఇవ్వొద్దు. బ్లూబెర్రీ, ద్రాక్ష కూడా నిలువుగా రెండు ముక్కలు చేసి ఇవ్వండి, గుండ్రటి పండు గొంతుకి అడ్డం పడుతుంది.

తొమ్మిదో అడుగు: కుదిరితే ఒక చెట్టు పెట్టుకోండి

నేరేడు చెట్టుకి పెద్ద స్థలం కావాలి. డాబా మీద కుండీలో పండే ఊదారంగు పండు కావాలంటే కంబళి పండు, అదే మల్బరీ. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల కోసం ఆకు పెంచే తోటలు ఎన్నో ఉన్నాయి. ఆ తోటల్లో కొమ్మలు కత్తిరించే రోజుల్లో పుల్లలు అడిగితే ఎవరూ కాదనరు. ఊరికి దూరంగా ఉంటే నర్సరీలో పండు రకం అని అడిగి తీసుకోండి.

పెన్సిల్ మందం, జానెడు పొడుగు, మూడు నాలుగు కళ్లున్న ముదురు పుల్లని తీసుకుని, సగం దాకా మట్టిలోకి గుచ్చండి. కళ్లు పైకి చూసేలా ఉండాలి, తలకిందులుగా గుచ్చితే బతకదు. నీడలో ఉంచి మట్టి తడి ఆరకుండా చూస్తే మూడు నాలుగు వారాల్లో చిగురు వస్తుంది. చిగురు చూడగానే పీకి వేర్లు చూడాలనిపిస్తుంది, ఆగండి. రెండు నెలలయ్యాక పెద్ద కుండీలోకి మార్చి, రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోట పెట్టండి. పశువుల ఎరువు నెలకో గుప్పెడు చాలు.

దీని రహస్యం కత్తిరింపులో ఉంది. కొత్తగా వచ్చే రెమ్మల మీదే కాయ పడుతుంది. ఒక విడత పండ్లు అయిపోగానే కొమ్మల్ని సగానికి కత్తిరించి ఆకులు దూసేస్తే, కొత్త రెమ్మలతో పాటే పూత వస్తుంది. మా కుండీ చెట్టు ఏడాదికి రెండు మూడుసార్లు కాస్తోంది, ఒక్కో విడతలో రోజుకి గుప్పెడు చొప్పున పది పన్నెండు రోజులు.

కాయ ముందు పచ్చగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా అవుతుంది. ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పుల్లగా ఉంటుంది, ఆగలేక కోసేవాళ్లే ఎక్కువ. పొద్దున ఆరింటికి, గోరువంకలు, ఉడతలు రాకముందే డాబా ఎక్కండి. నల్లటి పండు కింద అరచేయి పెట్టి వేలితో తాకండి. పండితే అదే చేతిలోకి రాలుతుంది, లాగాల్సి వస్తే రేపటికి వదిలేయండి.